నీరటి మేర

మేము హఫీజ్‌పేటలో కిరాయికి ఉన్న రోజుల్లో, పొద్దున మా ఆయన అమీర్‌పేటకు, నేను హైటెక్ సిటీకి పోయేవాళ్ళం. ఆయన ఒక శిక్షణ సంస్థలో ప్రోగ్రామింగ్ చెప్పేవాడు. నేను ఒక కంపెనీలో, తయారైన సాఫ్ట్‌వేర్‌ను అమెరికాలో కొన్నవాళ్ళకు పంపే విభాగంలో ఉండేదాన్ని. చీకటి పడే వేళకు ఇద్దరం ఇల్లు చేరేవాళ్ళం. ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొని, నేరుగా కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. నేను టీ తెచ్చి పక్కన పెట్టేదాన్ని. ఆ టీ ఎప్పుడూ చల్లారేది.

అక్కడ కూర్చొని ఆయన చేసే పనికి ఎవరూ జీతం ఇచ్చేవారు కాదు.

అప్పట్లో ఫోను లైను మీద పెద్ద ఫైలు పంపడం తలనొప్పి. సగం పోయాక లైను తెగేది, మళ్ళీ మొదటినుంచి పంపాలి. మా ఇంటి లైనైతే నాలుగు చినుకులు పడితే చాలు, పోయేది. ఆ విసుగులోనే ఆయన ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. లైను ఎక్కడ తెగిందో అది గుర్తుపెట్టుకుంటుంది, తిరిగి కలిశాక అక్కడినుంచే పంపుతుంది. రాసి తన దగ్గర దాచుకోలేదు. లోపలి రాతతో సహా ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ధర లేదు.

పెట్టిన కొన్నాళ్ళకే మెయిళ్ళు మొదలయ్యాయి. ఇది పని చేయడం లేదు, అది ఆగిపోతోంది, ఇంకోటి చేర్చగలరా అని. ఎవరెవరో, ఏయే దేశాలవాళ్ళో. అందరికీ జవాబు రాసేవాడు. వాళ్ళలో మంచు కురిసే ఏదో ఊళ్ళో విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒకావిడ ఉండేది. ఆవిడ మెయిళ్ళు చదువుతూ ఆయన నవ్వేవాడు. గట్టిగా కాదు, ముక్కుతో. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. యూనివర్సిటీలో ఆయన నాకు ఒక ఏడాది సీనియర్. లైబ్రరీలో నేను చీటీ మీద ఏదైనా రాసి పంపితే అట్లాగే నవ్వేవాడు.

నేను చదివిన నవలల్లో అసూయ పడే ఆడవాళ్ళకు ఎదురుగా ఒక మనిషి ఉంటుంది. ఆమె చీర, ఆమె జడ, ఆమె నడక ఉంటాయి. నాకు అవేవీ లేవు. ఒక ఫోను తీగ ఉంది. ఆ తీగకు అవతల ఉన్నవాళ్ళందరికీ నా సాయంత్రాలు పోతున్నాయి. నేను అన్నం వండి, బట్టలు ఉతికి, కరెంటు బిల్లు కట్టి ఒక మనిషిని నిలబెడితే, ఆ మనిషి పని వాళ్ళకు అందుతోంది.

ఒకరోజు అడిగేశాను. "ఆమెకు గంత జల్దీ జవాబిస్తవు. ఉప్పు తెమ్మని ఎన్నడు చెప్పిన నీకు?"

"ఉప్పు దుకాణంల దొరుకుతది. పాపం, ఆమెకు దుకాణం లేదు," అన్నాడు తల తిప్పకుండా.

మా ఇంటి యజమాని కింది వాటాలో ఉండేవాడు. హఫీజ్‌పేటలో పుట్టి పెరిగినవాడే. పొలాలు కాలనీలయ్యాక రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. మేము కాకా అని పిలిచేవాళ్ళం. ఎప్పుడూ మెట్ల కింద కుర్చీ వేసుకొని, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ ఉండేవాడు.

"సార్ పొద్దంత బడిల చెప్తడు, మళ్ళ మాపటికి గూడ ఏందో కొడ్తనే ఉంటడు టకటక. ఏం పని బిడ్డా అది?" అని ఒకసారి నన్నడిగాడు.

"ప్రోగ్రాం రాస్తడు కాకా."

"ఎవలిస్తరు పైసలు?"

"ఎవలియ్యరు."

"అంటే ఫుకట్లనా?" కాకా తల ఎత్తి మా వాటా వైపు చూశాడు. "తాగుడు లేదు, పేకాట లేదు. పోనీలే, గిదొక్కటి ఉండనియ్యి."

నాకైతే పేకాటే నయమనిపించింది. పేకాట ఆడేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ముక్కల మీద విసుగు పుడుతుంది.

ఆ ప్రోగ్రాం మా కంపెనీలోనూ వాడతారని నాకు తెలిసింది ఒక గొడవ జరిగిన రోజున. ఫైలు ఒక పరిమాణం దాటితే పంపడం మధ్యలో నిలిచిపోతోంది. మా మేనేజర్ "వెండర్‌కు ఫోన్ చెయ్యండి," అన్నాడు. వెండర్ ఎవరో ఎవరికీ తెలియదు. ఎవరో ఇంటర్నెట్ నుంచి దించి పెట్టారు, అంతే. ఆ ప్రోగ్రాం ఫైలు తెరిచి చూస్తే పైన మెయిల్ చిరునామా ఉంది. మా ఇంటిది. చూసిన నాకు మొదట వచ్చింది గర్వం కాదు. ఇంట్లో సరిపోలేదని ఇక్కడికి కూడా వచ్చావా అనిపించింది.

"ఇది రాసింది మా ఆయనే," అన్నాను.

మేనేజర్ నా వైపు చూసి నవ్వాడు. "మరింకేం మేడమ్. సోమవారానికి బాగుచేసి పెట్టమనండి."

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన అంతా విని, "వరుసల పెడ్త," అన్నాడు. ముందు వచ్చిన ఫిర్యాదు ముందు చూడడం ఆయన పద్ధతి. "మీ ముందల ఒక దవాఖాన ఉంది. వాళ్ళ ఎక్స్‌రేలు పోతలేవంట."

"ఏడ దవాఖాన?"

"ఏమో. అడగలే."

"పెళ్ళాన్ని గూడ వరుసల నిలవెడ్తవా?"

"రేషన్ దుకాణంల డీలర్ పెళ్ళాం ముందుకొస్తే నువ్వు ఊకుంటవా?"

ఊరుకోను. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆఫీసులో పెద్ద ఫైళ్ళను ముక్కలు చేసి పంపడం మొదలుపెట్టాం. ఆ ముక్కలు లెక్క చూసుకుంటూ కూర్చున్నప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఈ పనికి మా కంపెనీ డబ్బు ఇస్తే? డబ్బు ఇస్తే ఇది కొలువు అవుతుంది. కొలువైతే దానికి వేళలుంటాయి. పొద్దున మొదలై సాయంత్రానికి ముగుస్తుంది. సాయంత్రం తర్వాతిది నాది. అమీర్‌పేట పాఠాలు కూడా మానేయవచ్చు. నాకు కావలసింది జీతం కన్నా ఆ వేళలే.

మేనేజర్‌తో మాట్లాడి ఒప్పించాను. మా ఆయనను పిలిపించారు. ఒక మధ్యాహ్నం చిన్న గదిలో మేనేజర్, కొనుగోళ్ళ అధికారి, మేమిద్దరం కూర్చున్నాం. కొనుగోళ్ళాయన కాకినాడ వైపు మనిషి, మర్యాదస్తుడు. గంటకు ఎంత తీసుకుంటారని మేనేజర్ అడిగాడు.

"గంటల లెక్క కాదు సార్," అన్నాడు మా ఆయన. "ఇది వాడుకునే కంపెనీలు ఈ చుట్టుపక్కలనే ఎన్నో ఉన్నయి. తలా ఇంత నెలనెలా ఇస్తే, నేను పాఠాలు ఇడిచిపెట్టి ఇదే చూసుకుంట. బాగుచేసింది అందరికీ పోతది."

"ఇవ్వనివాళ్ళకు కూడానా?" అన్నాడు మేనేజర్.

"వాళ్ళకు గూడ. మా ఊర్ల నీరటి గట్లనే చేస్తుండె."

మేనేజర్‌కు నీరటి అంటే తెలియలేదు. మా ఆయన చెప్పాడు. చెరువు తూము తీసి, కాలువ వెంట తిరిగి, ఆయకట్టు కింద ప్రతి మడికీ వంతు ప్రకారం నీళ్ళు పారించేవాడు నీరటి. మడికింత అని రోజూ కూలి తీసుకోడు. పంట వచ్చినప్పుడు కల్లం దగ్గర ప్రతి రైతూ అతనికి కొంత ధాన్యం కొలిచి ఇస్తాడు. దాన్నే మేర అంటారు. "ఎవలో ఒక్క రైతు జీతానికి పెట్టుకున్నడనుకోండి సార్, ఇగ నీరటి ఆ రైతు మడి దిక్కే చూస్తడు. అందరు తలా ఇంత ఇస్తెనే అందరి మడి చూస్తడు."

"మేర మాకూ తెలుసండి," అన్నాడు కొనుగోళ్ళాయన. "మా వైపూ చాకలికీ మంగలికీ ఇచ్చేవారండి. కానీ మా కంపెనీలో ఏది కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండాలండి. మీది కాక ఇంకో రెండు తెప్పించాలి."

"నాది నేను ఊరికే ఇస్తున్న సార్."

"అయితే మీదే లోయెస్ట్ అండి. సున్నాకి ఆర్డరు రాసేస్తాను, అభ్యంతరం లేదు. సున్నాకి చెక్కు ఎంతకి రాయమంటారు మరి?"

ఆయన వెటకారం చేయడం లేదు. నిజంగానే దారి వెతుకుతున్నాడు. కాసేపటికి ముఖం వెలిగింది. "చందాల ఖాతా ఒకటుందండి. వినాయక చవితికి మండపాల కుర్రాళ్ళు వస్తారు కదా, వాళ్ళకిచ్చేది. దానికి కొటేషన్లు అక్కర్లేదండి."

అట్లా మా ఆయన పనికి వినాయకుడి చందా మంజూరైంది. కొద్ది రోజులకు చెక్కు వచ్చింది. ఆ ఖాతా కింద ఎవరి పేరు కొట్టినా వెనక 'ఉత్సవ కమిటీ' అని తనంతట తనే చేర్చుకునేలా లెక్కల సాఫ్ట్‌వేర్‌ను ఎవరో రాసి పెట్టారట. చెక్కు మీద మా ఆయన పేరు, పక్కన ఉత్సవ కమిటీ. బ్యాంకులో గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "కమిటీ పేరు మీద అకౌంట్ ఉండాలె సార్. ఇంతకీ మీ మండపం యాడ?" అన్నాడట.

ఈ సంగతి విని కాకా కుర్చీలోంచి లేచి నిలబడి నవ్వాడు. "లడ్డు వేలం ఎప్పుడు సార్? నేను గూడ పాడుత."

మా ఆయన కూడా నవ్వాడు. ఆ చెక్కును వాపసు ఇచ్చేశాడు. "చందా ఒద్దు," అన్నాడు నాతో, కాకా కుర్చీ పక్కనే నిలబడి. "చందా ఇచ్చేటోడు దేవునికి ఇచ్చిన అనుకుంటడు. వచ్చే ఏడు బుద్ధి పుడితే ఇస్తడు, లేకుంటే లేదు. మేర గట్ల కాదు. నీళ్ళు పారినయంటే ఇయ్యాలె."

"మేర గూడ ఎగ్గొట్టెటోళ్ళు మస్తుమంది ఉండిరి సార్," అన్నాడు కాకా. "ఎగ్గొట్టినోడే అందరికంటె ముందు తూము కాడికొచ్చి లొల్లి వెడ్తుండె."

"మరి వానికి నీళ్ళు బందు చేసెటోళ్ళా?" అన్నాను నేను.

"యాడ బందు చేస్తరు? పైమడి పారితె కిందిమడికి రాదా."

నేను మళ్ళీ మేనేజర్ దగ్గరికి పోయాను. చందా కాదు, నెలనెలా ఇవ్వండి, ముందు మీరు మొదలుపెడితే మిగతా కంపెనీలను కూడా అడుగుతాం అన్నాను. క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చొని ఆయన ఓపిగ్గానే విన్నాడు. తర్వాత కిటికీలోంచి చూపించాడు. బండలు పగలగొట్టి చదును చేసిన నేల మీద అప్పుడే ఇంకో భవనం లేస్తోంది.

"అందులోకి వచ్చేది మాతో పోటీ కంపెనీ మేడమ్. మేం జీతం ఇస్తే మీ ఆయన పని చేస్తారు. ఆ పని వాళ్ళు ఊరికే వాడుకుంటారు. పోషించేది మేమూ, అనుభవించేది వాళ్ళూనా?"

ఇన్నాళ్ళుగా నేను వంటింట్లో నిలబడి అనుకుంటున్న మాట అదే. నా నోట్లో అది న్యాయంగా ఉండేది. మేనేజర్ నోట్లో అల్పంగా వినిపించింది. వాళ్ళు వాడుకుంటే మీ ఫైళ్ళు అమెరికా చేరడం ఏమైనా ఆగుతుందా అని అడగవచ్చు. కాని నన్నే ఎవరైనా అట్లా అడిగితే నేనేం చెబుతానో నాకు తెలియలేదు. అడగలేదు.

మేనేజరే మళ్ళీ మొదలుపెట్టాడు. "ఒక పని చేద్దాం. ఆయన్నే మా దగ్గర చేరమనండి. అమీర్‌పేటలో వచ్చేదానికి ఎన్నో రెట్లు వస్తుంది. కంపెనీ బస్సులో మీ ఇద్దరూ కలిసి రావచ్చు, కలిసి పోవచ్చు. ఒక్కటే షరతు. ఇకముందు ప్రోగ్రాంలో ఏం మార్చినా అది మాకే. బయట పెట్టడానికి లేదు."

బస్సు మాట నన్ను పట్టుకుంది. ఆ సాయంత్రం ఇల్లు చేరేదాకా పక్క సీటు వైపే చూస్తూ కూర్చున్నాను.

అన్నం తింటున్నప్పుడు చెప్పాను. ఆయన పప్పు కలుపుకుంటూ విన్నాడు.

"మరి మిగిలినోళ్ళు?"

"మిగిలినోళ్ళకు నేను పెళ్ళాన్ని గాను."

"ఇప్పుడున్నది వాళ్ళ దగ్గరనే ఉంటది అనుకో. కొత్తది ఇయ్యరాదు, అంతేనా?"

"అంతే."

"నీకేం గావాలె?"

"పొద్దు గూకినంక నువ్వు గావాలె."

ఆయన కంచంలో ఉన్నదంతా తిన్నాడు. తర్వాత, "సరే, చేరుత," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ఆయనకు నిష్ఠూరమాడడం రాదు. అమీర్‌పేటలో నెలాఖరు దాకా చెప్పి మానేస్తానని, అప్పటిదాకా ఇంట్లో కంప్యూటర్ ముట్టనని అన్నాడు. అలవాటు తప్పాలి కదా అన్నాడు.

ఆ సాయంత్రాలు నాకు దక్కాయి. డాబా మీద చాప వేసుకొని కూర్చునేవాళ్ళం. ఆయన టీ వేడిగా తాగేవాడు. నేను ఆఫీసు కబుర్లు చెప్పేదాన్ని, ఆయన ఊఁ కొట్టేవాడు. కూకట్‌పల్లికి పోయి కూరగాయలు తెచ్చుకున్నాం. ఇంట్లో ఉప్పు నిండుకోవడం ఆగిపోయింది. హఫీజ్‌పేట స్టేషన్‌లో రైలు ఆగి కదిలే చప్పుడు వింటూ ఆయన ఎటో చూసేవాడు. ఏం ఆలోచిస్తున్నావని అడిగితే "ఏం లే," అనేవాడు. నాకు తెలుసు. ఆ దవాఖాన ఎక్స్‌రేలు పోతున్నాయో లేదో ఆలోచిస్తున్నాడు. మంచు ఊరి ఆవిడ ఏం రాసి ఉంటుందో ఆలోచిస్తున్నాడు.

ఇంతకుముందు ఆయన కంప్యూటర్ ముందు ఉన్నప్పుడు కనీసం వీపు నాకు కనిపించేది. ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో అడిగితే చెప్పేవాడు. వాళ్ళ జోకులు నాకు తర్జుమా చేసి వినిపించేవాడు. ఇప్పుడు వాళ్ళు చాప మీదికి, మా ఇద్దరి మధ్యకు వచ్చి కూర్చున్నారు. నాకు కనిపించకుండా. ఒక మనిషి మన పక్కన కూర్చొని ఇంకెక్కడో ఉంటే ఆ అసూయకు అంతు ఉండదు. నా అసూయ తగ్గుతుందని చేసిన ఏర్పాటు దాన్ని రెట్టింపు చేసింది.

ఒక సాయంత్రం ఆయన నేను చెప్పేదంతా విని, సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వాడు. అది ముక్కుతో నవ్వే నవ్వు కాదు. మర్యాదకు నవ్వాడు. పెళ్ళయ్యాక ఆయన నాతో మర్యాదగా నవ్వడం అదే మొదటిసారి.

"లే," అన్నాను. "పోయి చూసుకో పో."

"ఏం చూడాలె?"

"నీ చెరువు."

"మరి కొలువు?"

"నేను చెప్త తియ్, మా సారుకు."

ఆయన వెంటనే లేవలేదు. నా ముఖం చూశాడు, ఇది పరీక్షేమో అన్నట్టు. నేను చాప చుట్టేశాను. ఇది నా మంచితనం అని ఎవరూ అనుకోవద్దు. ఆ మర్యాద నవ్వుతో కాపురం చేయడం నా వల్ల కాదు, అంతే. కింద మోడెమ్ కూత వినిపించింది. నేను డాబా మీదే కాసేపు నిలబడి, ఆ తర్వాత దిగి టీ పెట్టాను.

మేనేజర్ ఏమీ అనుకోలేదు. పెద్ద ఫైళ్ళ చిక్కు వరుస ప్రకారం దవాఖాన తర్వాత బాగుపడింది. ఆ కొత్త ప్రోగ్రాం మా కంపెనీకి అందరితోపాటే అందింది. ఎదుటి భవనం వాళ్ళకూ అందే ఉంటుంది. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. కొనుగోళ్ళాయన మాత్రం కనిపించినప్పుడల్లా "దారి చూస్తున్నానండి," అనేవాడు. నిజంగా చూస్తున్నాడనే అనుకున్నాను.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. జబ్బు పడ్డాక దవాఖానలో మంచం మీద ఉండి కూడా, ఫలానావాళ్ళకు జవాబు రాయలేదని బాధపడేవాడు. పోయాక మెయిళ్ళు వచ్చాయి. మంచు ఊరి ఆవిడది అన్నిటికన్నా పెద్దది. నేను చూడని మా ఆయన అందులో ఉన్నాడు, హాస్యమాడుతూ, కోప్పడుతూ, ఒక తప్పు గురించి వాదిస్తూ. చదివి, ఏడ్చి, ఆవిడకు మామూలు మాటల్లో జవాబు రాశాను.

ఆ ప్రోగ్రాం ఇంకా బతికే ఉంది. ఇప్పుడు దాన్ని వేరే దేశంలో ఒకతను చూసుకుంటున్నాడు. కొన్ని కంపెనీలు కలిసి అతనికి నెలనెలా జీతం ఇస్తున్నాయి. ఏ కంపెనీ పనీ ముందు కాదు, ఏ కంపెనీ పనీ వెనక కాదు. మా ఆయన ఆ చిన్న గదిలో అడిగింది అదే. అతని పేజీలో ఒక మాట రాసి ఉంది: సాయంత్రం వచ్చిన ప్రశ్నలకు మరునాడు పొద్దున జవాబిస్తాను, సాయంత్రాలు మా ఇంట్లోవాళ్ళవి.

ఆ మాటను నేను చాలాసార్లు చదివాను. ఆ ఇంట్లోవాళ్ళు ఎవరో నాకు తెలియదు. వాళ్ళంటే నాకు అసూయ. ఆ సాయంత్రాలను వాళ్ళు అడిగి కూడా ఉండరు.

ఒక సాయంత్రం అతనికి మెయిల్ రాశాను. నేనెవరో చెప్పలేదు. మొదట ఏ కంపెనీ ఇచ్చింది, మిగతావాళ్ళు ఊరికే వాడుకుంటారని తెలిసీ ఎట్లా ఇచ్చింది అని అడిగాను. ఆ వెంటనే రెండుసార్లు మెయిల్ పెట్టె తెరిచి చూసుకున్నాను. జవాబు పొద్దున వచ్చింది. మొదట ఒక చిన్న కంపెనీ ఇచ్చిందట. మిగతావాళ్ళ సంగతి వాళ్ళు అడగనే లేదట. ఏడాది ఆ ఒక్కరి మీదే నడిచిందని, తర్వాత తక్కినవాళ్ళు వచ్చారని రాశాడు. ఆలస్యమైనందుకు క్షమించమని కూడా రాశాడు.